బాతుల వాగుకు ఇవతలి గట్టు

ఆ సోమవారం పొద్దున బ్రిటా తన కూతురు టిల్లీ బట్టలు సంచిలో సర్దుతుంటే, గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లి వెర్నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. అది మామూలు సంచి కాదు. నీలం కాన్వాసు సంచి. బ్రిటా చంటిపిల్లగా ఉన్నప్పుడు వెర్నా భర్త ఆర్విడ్ ఆ సంచిలోనే రెండు జతల బట్టలు పెట్టుకుని, డులూత్‌లో వారం రోజుల పని ఉందని వెళ్ళాడు. ఏడాది తిరిగాక సంచి ఒక్కటే పోస్టులో వచ్చింది, శుభ్రంగా ఉతికి, మడతపెట్టి. ఉతికిన చెయ్యి ఎవరిదో వెర్నా అడగలేదు.

"ఇంట్లో ఇంకో సంచే లేదటే?" అంది వెర్నా.

"ఉన్నాయమ్మా. ఇందులో అయితే క్లారినెట్ కూడా పడుతుంది."

"కొద్ది రోజులకని సర్దిన సంచి..."

"అమ్మా! నాలుగే నాలుగు రాత్రులు. శుక్రవారం వచ్చేస్తుంది. అది వెళ్తున్నది నీ ఇంటికి, డులూత్‌కి కాదు!"

సంగతేమిటంటే, టోర్విక్ ఊళ్ళో ఐదో తరగతి దాటిన పిల్లలకు రెండే మిడిల్ స్కూళ్ళు. ఒకటి మెడోలార్క్, రెండోది క్వారీ రోడ్డు. తెలివైన పిల్లల కోసం పెట్టిన గిఫ్టెడ్ తరగతి మెడోలార్క్‌లోనే ఉంది. టిల్లీ దాని పరీక్ష గట్టెక్కింది కూడా. క్వారీ రోడ్డు బడిలో పైకప్పు కారుతుందనీ, పిల్లలు తన్నుకుంటారనీ తల్లులందరూ చెప్పుకుంటారు. లోపలికి వెళ్ళి చూసిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు. ఇలా ఉండగా స్కూలు బోర్డు వాళ్ళు సరిహద్దు మార్చి, ఇకనుంచి బాతుల వాగే హద్దు అన్నారు. వాగుకు పడమటి వాళ్ళు మెడోలార్క్‌కి, తూర్పు వాళ్ళు క్వారీ రోడ్డుకి. బ్రిటా ఇల్లు తూర్పు గట్టున, వెర్నా ఇల్లు పడమటి గట్టున పడ్డాయి. అందుకని బ్రిటా కూతురి పేరు అమ్మమ్మ చిరునామాతో రాయించింది.

"ఎవరడిగినా పాప నీ దగ్గరే ఉంటుందని చెప్పు. ఇంకొక్క ముక్క మాట్లాడకు," అంది బ్రిటా.

"అబద్ధమని తెలిస్తే జైల్లో పెడతారేమోనే?"

అల్లుడు డ్వేన్ టోస్టు నములుతూ, "పెద్దవాళ్ళకి కిటికీ ఉన్న గది ఇస్తారు లెండి అత్తయ్యా," అన్నాడు.

వెర్నాకు నవ్వు రాలేదు. చేపపిల్ల ఉన్న గాజు తొట్టిని ఒళ్ళో పెట్టుకుని టిల్లీ కారెక్కుతుంటే, ఆమె కళ్ళు సంచి మీదే ఉన్నాయి.

వెర్నా ఇంటి ముందు కారు ఆగీ ఆగగానే పక్కింటి ఆర్డెల్ గులాబీలకు నీళ్ళు పట్టడం మొదలుపెట్టింది. ఆర్డెల్ చెడ్డది కాదు. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఆమె మేనకోడలు స్కూళ్ళ ఆఫీసులో పని చేస్తుంది.

"సంచి, బాజా, చేప కూడానా! ఏమిటి వెర్నా, పాప మకాం మార్చేసిందా?"

"ఇకనుంచి నా దగ్గరే ఉంటుంది."

"మరి వాళ్ళమ్మా నాన్నా?"

వెర్నాకు కూతురి మాట గుర్తొచ్చింది. ఇంకొక్క ముక్క మాట్లాడకూడదు. "ఆ సంగతి ఇప్పుడొద్దులే ఆర్డెల్," అని చటుక్కున లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. తలుపు వెనక ఆమె గొళ్ళెం బిగిస్తుంటే, బయట ఆర్డెల్ పైపు కట్టేసి కళ్ళు తుడుచుకుంది.

ఆ ఊళ్ళో కష్టం వచ్చిన ఇంటికి ఎవరూ ప్రశ్నలతో వెళ్ళరు, హాట్‌డిష్‌తో వెళ్తారు. గాజు పళ్ళెంలో మాంసం, బీన్సు, పుట్టగొడుగుల సూపు కలిపి, పైన బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చి, అడుగున తమ పేరున్న పట్టీ అంటించి గుమ్మంలో పెట్టేసి వస్తారు. చావుకీ అదే, జబ్బుకీ అదే. సాయంత్రానికి ఆర్డెల్ పళ్ళెం వెర్నా ఇంటికి వచ్చింది. మర్నాటికి మరో మూడు వచ్చాయి. బుధవారం నుంచి బ్రిటా ఇంటికి కూడా రావడం మొదలయ్యాయి. తలుపు తీసిన డ్వేన్ చేతికి పళ్ళెం అందిస్తూ ఆడవాళ్ళు అతన్ని ఎగాదిగా చూసి, "ఇది బ్రిటాకి," అని ఒత్తి పలికి మరీ వెళ్ళారు.

బ్రిటా తల్లికి ఫోను చేసింది. "ఊరంతా మేం విడిపోయామనుకుంటోంది! ఏం చెప్పావే అమ్మా?"

"ఏమీ చెప్పలేదే! నువ్వు చెప్పొద్దన్నావుగా!"

"పోనీ, అదేం లేదని చెప్పేస్తే సరి," అన్నాడు డ్వేన్ వెనక నుంచి, నోటి నిండా హాట్‌డిష్‌తో.

"చెప్తే, మరి పిల్ల అక్కడెందుకుందని అడగరూ?" బ్రిటా క్షణం ఆలోచించింది. "అననీ. ఒకందుకు మంచిదే. నువ్వు నాలుగు రోజులు మీ తమ్ముడింట్లో ఉండు. పిల్ల కూడా ఈ శుక్రవారం రాకుండా అక్కడే ఉండనీ. ఇంటి ముందు నీ కారు కనబడకూడదు."

డ్వేన్ బట్టలు సర్దుకుంటున్నాడని వెర్నాకు తెలిసింది. పరుగున వెళ్ళి అల్లుడి చెయ్యి పట్టుకుంది. "వద్దు నాయనా. ఇలాంటి అబద్ధాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. అది కుదురుకుని, ఉన్నవాళ్ళని బయటికి పంపేస్తుంది."

"నాలుగు రోజులే అత్తయ్యా."

"నాలుగు రోజులని ఎవరూ నాతో అనకండి!"

అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఆదివారం చర్చిలో పాస్టరు 'చెదిరిన గూళ్ళ' కోసం ప్రార్థన చేయించాడు. బ్రిటా తలొంచుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు అది దుఃఖమనుకున్నారు.

ఆ మర్నాటి నుంచి వెర్నా ఇంటి ఎదుట ఒక తెల్ల కారు ఆగడం మొదలైంది. అందులో ఒకాయన కూర్చుని వాగు వైపు చూస్తాడు, ఇంటి వైపు చూస్తాడు, ఏదో రాసుకుంటాడు. దొంగ చిరునామాలు పట్టుకోవడానికి స్కూళ్ళ ఆఫీసు మనిషిని పెట్టిందని వెర్నా వినే ఉంది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. టిల్లీ మేజోళ్ళన్నీ తడిపి పెరట్లో తాడు మీద ఆరేసింది, మాసినవీ మాయనివీ కూడా. చేప తొట్టిని వీధి కిటికీలోకి మార్చింది. తెల్లవారేసరికి పిల్లను లేపి అదే కిటికీ దగ్గర క్లారినెట్ వాయించమంది.

"అమ్మమ్మా, వీధిలో కుక్కలు ఏడుస్తున్నాయి," అంది టిల్లీ.

"ఏడవనీ. ఇంకా గట్టిగా వాయించు!"

మూడో రోజు ఆయన తలుపు తట్టాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. పేరు లుండీన్ అనీ, స్కూళ్ళ ఆఫీసు నుంచి వచ్చాననీ చెప్పాడు.

"పాప ఇక్కడే ఉంటుందాండీ?"

"ఇక్కడే."

"అన్ని రాత్రులూనా?"

"అన్ని రాత్రులూను!"

ఆయన కలం ఆపి మెల్లగా అన్నాడు. "కంగారేం లేదమ్మా, బాగా గుర్తు చేసుకోండి. వారంలో ఎక్కువ రాత్రులు వాళ్ళమ్మ దగ్గర పడుకుంటుందని చెప్పినా నాకు చాలు."

ఎంత తియ్యగా ఉచ్చు పన్నుతున్నాడో అనుకుంది వెర్నా. "ఒక్క రాత్రి కూడా పడుకోదు! కావాలంటే చూడండి!" అని ఆయన్ని ఇల్లంతా తిప్పింది. మంచం చూపించింది, పళ్ళ బ్రష్షు చూపించింది, మేజోళ్ళు చూపించింది. ఇంతలో మరో పళ్ళెంతో ఆర్డెల్ వచ్చింది.

"ఆర్డెల్, నువ్వే చెప్పు! పాప ఎక్కడుంటోంది?"

"ఇక్కడేనండీ, పాపం! ఆ పెద్దమనిషి బట్టలు సర్దుకుని తమ్ముడి ఇంటికి పోతుంటే నా కళ్ళారా చూశాను. ఈవిడే లేకపోతే ఆ పిల్ల గతేం కాను?" అంటూ ఆర్డెల్ ముక్కు చీదింది. "కూర్చోండి, వేడిగా ఉంది, కాస్త తిని వెళ్దురుగాని."

లుండీన్ నిట్టూర్చి కలం మూశాడు. "నా ప్రయత్నం నేను చేశానమ్మా. అయితే పాప క్వారీ రోడ్డు బడికే."

"అదేమిటి? ఇది పడమటి గట్టు కదా!"

"ఇప్పుడున్న వాగుకి పడమరే. కానీ బోర్డు కాగితాల్లో హద్దు పాత వాగు. అది పాములా మెలికలు తిరిగి పారేదట. దాని ప్రకారం మీ వీధి తూర్పుకి వస్తుంది. తమాషా ఏమిటంటే, మీ అమ్మాయి వీధి ఇంకో మెలికలో పడి పడమరకి పోయింది. పిల్ల వాళ్ళమ్మ దగ్గర ఉంటుందని ఒక్క మాట అని ఉంటే మెడోలార్కే దక్కేది."

వెర్నా కుర్చీలో కూలబడింది. పాత వాగు ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. దాన్ని పూడ్చి, తిన్నగా కొత్త కాలవ తవ్విన యంత్రం నడిపింది ఆర్విడే. అది అయ్యాకే డులూత్ పని వచ్చింది. మనిషి వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా తన ఇంట్లోవాళ్ళని అటూ ఇటూ జరపడం మానలేదనిపించింది ఆమెకు.

"అయ్యా, అంతా అబద్ధం! వాళ్ళు విడిపోలేదు, పాప ఉండేది వాళ్ళింట్లోనే, నేనే..."

"మెడోలార్క్ పేరు వినగానే అందరూ అలాగే అంటారమ్మా," అన్నాడు లుండీన్ జాలిగా. ఆర్డెల్ పెట్టిన పళ్ళెం ఖాళీ చేసి వెళ్ళాడు.

డ్వేన్ ఆ సాయంత్రమే తన సంచితో సహా ఇంటికి వచ్చేశాడు. అతన్ని చూసి వెర్నా ఏడ్చింది. మర్నాడు మొగుడూ పెళ్ళాం చెయ్యీ చెయ్యీ పట్టుకుని స్కూళ్ళ ఆఫీసుకు వెళ్ళారు. తమ కాపురం నిక్షేపంగా ఉందన్నారు. అక్కడ కూర్చున్నది ఆర్డెల్ మేనకోడలు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్ల కోసం ఇంత నటించక్కర్లేదు బ్రిటా. మా హాట్‌డిష్ అందిందా?" అంది. లుండీన్ రాసింది మారాలంటే ఏడాది ఆగాలని కూడా చెప్పింది.

కాగితాల్లో ఉన్నట్టే టిల్లీ అమ్మమ్మ ఇంట్లో ఉండి క్వారీ రోడ్డు బడిలో చేరింది. పైకప్పు నిజంగానే కారింది. బాజా గదిలో బకెట్‌లో పడే చినుకులకు పిల్లలు తాళం కలపడం నేర్చుకున్నారు. టిల్లీకి ఆ గది తెగ నచ్చింది. మరుసటి వసంతంలో అక్కడ గదులు ఖాళీగా ఉన్నాయని బోర్డు గిఫ్టెడ్ తరగతిని కూడా అక్కడికే మార్చింది. దాంతో మెడోలార్క్ తల్లులు వెర్నా వీధిలో అమ్మమ్మల కోసం వెతకసాగారు.

బడి మూసిన రోజు పిల్లను తీసుకెళ్ళడానికి బ్రిటా వచ్చింది. వెర్నా నీలం సంచి తెచ్చి మంచం మీద పెట్టింది. మేజోళ్ళు ఒక్కొక్కటే మడవసాగింది. టిల్లీ వాటిని తీసి తిరిగి సొరుగులో పెట్టేసింది.

"చేపకి ఇక్కడ అలవాటైపోయిందమ్మా. నేను ఆదివారాలు మనింటికి వస్తాలే," అంది.

ఆర్విడ్ వారం రోజులకని వెళ్ళింది ఎనభై ఒకటి నవంబరులో, తిరిగి రాలేదు. టిల్లీ నాలుగు రాత్రులకని వచ్చింది కిందటేడు ఆగస్టులో, తిరిగి వెళ్ళలేదు.