రెండు చెవులకూ ఒకటే ట్యూబు

ఆ శుక్రవారం పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లగానే రేడియో మేస్త్రికి ఫోను చేసి ఆదివారం ఇంటికి రమ్మనాలి. అంతే.

ఆమె నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తా. రోజంతా జనం తిట్లు విని, సాయంత్రం గదిలో కూర్చుని హెడ్‌ఫోన్స్‌లో గంటసేపు పాటలు వింటుంది. ఆ గంట లేకపోతే మర్నాడు ఆ కుర్చీలో కూర్చోలేదు. అయితే ఆమె దగ్గరున్న ట్రాన్సిస్టర్ల ఆంప్లిఫైయరులో పాట మరీ శుభ్రంగా, ఆసుపత్రి దుప్పటిలా వినిపిస్తోంది. ప్లేయరుకూ ఆంప్లిఫైయరుకూ మధ్య పాతకాలం రేడియోల్లో ఉండే గాజు ట్యూబు ఒకటి పెడితే గొంతులో వెచ్చదనం వస్తుందని మేస్త్రి చెప్పాడు.

"ట్యూబు ఆదివారం పెట్టేస్తారా?" అని ఆమె ఫోనులో అడిగింది. "రెండు చెవులకీ ఒకటే సరిపోతుందా? ఉన్నది తీసెయ్యక్కర్లేదుగా?"

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడూ గొంతు చించుకుని మాట్లాడతాడని ఆఫీసులో ఆయన్ని మైకు సారు అంటారు. ఆయనకు అందినవి మూడే ముక్కలు: ట్యూబు, రెండు చెవులు, ఆదివారం. ఆయన గుండె కరిగిపోయింది.

పావుగంటలో ఆమె బల్ల మీదికి పది రోజుల సెలవు మంజూరు కాగితం వచ్చింది. ఆమె అడగనేలేదు. ఆర్నెల్లుగా రెండు రోజులకే ప్రాణం తీస్తున్న మనిషి పది రోజులు ఇస్తుంటే, ఎందుకని ఆరా తీసేంత అమాయకురాలు కాదామె. "థాంక్సండీ" అంది. మైకు సారు చేతులతో ఏవో సైగలు చేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లి ఆమె భర్తకు ఫోను చేశాడు.

భర్త బళ్లో లెక్కల మాస్టారు. "మీరు ధైర్యంగా ఉండాలి! చెవుల్లో ట్యూబులు వేస్తారట!" అన్న కేక ఫోనులోంచి స్టాఫ్ రూమంతా వినబడింది. తన దగ్గర దాచిందంటే కష్టపెట్టకూడదనే దాచి ఉంటుంది, తనూ తెలియనట్టే ఉండాలని మాస్టారు నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయాన్ని ఒక్కడే మోయలేక వాళ్లమ్మకు చెప్పాడు.

ఆవిడ మర్నాడే సంచితో దిగింది. కోడలు స్నానానికి వెళ్లగానే కొడుకు చెయ్యి పట్టుకుంది. "పదేళ్లుగా అది నా మాట వినట్లేదనుకున్నానురా. వినబడట్లేదన్నమాట, పాపం!"

శనివారమంతా ఇల్లు ప్రశాంతంగా గడిచింది. అత్తగారు ఒక్క మాట అనలేదు. మాస్టారు అడగకుండానే గిన్నెలు కడిగాడు. ఇంత సుఖానికి కారణమేమిటో ఆమెకు అర్థం కాలేదు. అడిగితే పోతుందేమోనని అడగలేదు.

ఆదివారం తొమ్మిదింటికి మైకు సారు పళ్ల సంచితో వచ్చాడు. ఆమె లోపలి గదిలో బల్ల ఖాళీ చేసుకుంటోంది. హాల్లో ముగ్గురూ తలలు వంచుకు కూర్చుని ఉండగా మేస్త్రి తోలుసంచితో వచ్చాడు.

"ట్యూబు పెట్టడానికొచ్చానండీ."

"ఇంట్లోనా?" మాస్టారు లేచి నిలబడ్డాడు. "మత్తు ఇవ్వరా?"

"మత్తా? కాసేపు వింటే దానంతటదే వస్తుంది లెండి" అని మేస్త్రి సంచిలోంచి స్క్రూడ్రైవరూ, కత్తెరా, వైర్లు అతికే కడ్డీ తీశాడు. "ప్లగ్గు ఎక్కడుంది? ఇది కాలాలి."

అత్తగారు కుర్చీలో చతికిలబడింది. మైకు సారు గది గుమ్మానికి అడ్డంగా చేతులు చాచాడు. "నేను బతికుండగా మా స్టాఫు చెవుల్లో కడ్డీ పెట్టనివ్వను!"

ఆ కేకకు ఆమె బయటికొచ్చింది. "ఏంటండీ గోల? మేస్త్రిగారూ రండి, మీకోసమే చూస్తున్నా. ఏమైనా కొయ్యాలా?"

"ఒక్కచోట కోసి అతికిస్తే చాలమ్మా."

మాస్టారు భార్య రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు. అంతా ఆమెకు అర్థమయ్యేసరికి పది నిమిషాలు పట్టింది. అరచేయంత పెట్టె, బొటనవేలంత గాజు ట్యూబు అందరికీ చూపించింది. అందరూ వాటివైపు చూశారు. అత్తగారు మాత్రం కోడలివైపు చూసింది.

"అంటే పదేళ్లుగా నీకన్నీ వినబడుతూనే ఉన్నాయా?"

ఆమె మేస్త్రివైపు తిరిగి ప్లగ్గు చూపించింది.

ట్యూబు లోపల నిప్పుకణం రంగు మెల్లగా వెలిగింది. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. రోజూ వినే పాటే. కానీ ఇవాళ గాయని చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం పక్కన కూర్చున్నట్టు వినబడింది. ఆమె చాలాసేపు కదల్లేదు. తరువాత మాస్టారు విని తలూపాడు. అత్తగారు అలిగి ఉండి కూడా రెండు పాటలు విన్నది.

చివరికి మైకు సారు పెట్టుకున్నాడు. "ఎడమవైపు రావట్లేదయ్యా! వైరు తప్పు కలిపావ్!"

మేస్త్రి హడలిపోయి పెట్టె విప్పాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె పెట్టుకుని చూసింది, రెండువైపులా వస్తోంది. మేస్త్రి కాసేపు ఆలోచించి, హెడ్‌ఫోన్స్ అటుదిటు తిప్పి మళ్లీ ఆయనకు తగిలించాడు.

"ఇప్పుడూ అంతే! ఎడమవైపే లేదు!"

అత్తగారు లేచి పళ్ల సంచి తెచ్చి నెమ్మదిగా మైకు సారు ఒళ్లో పెట్టింది.

ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరకు ఆమే వెంటబెట్టుకుని వెళ్లింది, మంజూరైన సెలవులోనే. ఎడమ చెవి ఎన్నేళ్ల కిందటో మందగించిందనీ, చిన్న యంత్రం పెట్టుకుంటే చాలనీ డాక్టరు చెప్పాడు. ఆయన పెట్టించుకున్నాడు. మర్నాటి నుంచే మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టాడు; ఎంత మెత్తగా అంటే, ఏమన్నారని ఎదుటివాళ్లు రెండుసార్లు అడగాల్సి వస్తోంది.

ఇప్పుడాయనకు సెక్షన్‌లో ఏ మూల ఎవరేమనుకున్నా వినబడుతోంది. ఆఫీసులో పని బాగా జరుగుతోంది.