అన్నిటికీ ఒకే ఆది

ఆ ఉదయం సుధామణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాలవగట్టు మీద నడిచి రావాలి, ఉలవలు ఉడికించిన నీళ్ళు తాగాలి, జాకెట్టు గుడ్డలు టైలరుకి పంపించాలి, బడికెళ్ళి పాఠం చెప్పాలి. గుడ్డల పని మాత్రం మొగుడికి అప్పజెప్పింది. కొంప మునిగింది అక్కడే.

మరిది గంగాప్రసాద్ పెళ్ళి నెల్లాళ్ళలో ఉంది. పెళ్ళంటే అందరికీ సంబరమే గాని, సుధామణికి మాత్రం పంతం. కిందటేడు ఆడపడుచు కనకవల్లి కూతురి పెళ్ళిలో గ్రూపు ఫొటో తీస్తూ ఫొటోగ్రాఫర్ మణికుమార్, నిండు మంటపంలో అందరికీ వినపడేలా, "మేడమ్, మీరు కొంచెం వెనక్కెళ్ళండి, ఫ్రేమంతా మీతోనే నిండిపోతోంది" అన్నాడు. నవ్వేవాళ్ళు నవ్వారు. సుధామణి కూడా నవ్వుతూనే వెనక్కెళ్ళింది. ఇంటికొచ్చాక బాత్రూములో పంపు తిప్పి, బకెట్టు నిండి పొర్లిపోయేదాకా ఏడ్చింది. తరవాత వీడియో క్యాసెట్టు వచ్చింది. మూడు గంటల క్యాసెట్టులో సుధామణిది ఒక మోచెయ్యి కనిపించింది.

"ఈసారి ముందు వరసలోనే నిలబడతాను. నన్ను వెనక్కెళ్ళమనే మొనగాడెవడో చూస్తాను" అని ఆ రోజే శపథం చేసింది. ఆ శపథంతోనే పెట్టె అడుగునుంచి తన పెళ్ళినాటి జాకెట్టు తీసింది. పదమూడేళ్ళనాటి జరీ ఇంకా మెరుస్తూనే ఉంది. అది తనకు పట్టి పన్నెండేళ్ళయింది.

మగాళ్ళ ప్యాంటుకి టేపు కావాలి గాని, ఆడవాళ్ళ జాకెట్టుకి జాకెట్టే కొలత. ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి గుడ్డతోపాటు ఇస్తే, టైలరు దాన్ని చూసి కొత్తది కుడతాడు. దాన్నే ఆది జాకెట్టు అంటారు. సుధామణి తన ఆదిగా ఆ పెళ్ళినాటి జాకెట్టే పెట్టింది. ఈ సంగతి కృష్ణాజిల్లాలో ఊయల్లో ఉన్న ఆడపిల్లకి కూడా తెలుసు. ఇరవయ్యేళ్ళ సర్వీసున్న ఆఫీసు సూపరింటెండెంటు, ఆమె మొగుడు అచ్యుతరామారావుకి తెలీదు.

"ఏమండీ, ఈ సంచి గుణదలలో టైలరు ఆమోసుకిచ్చి ఆఫీసుకెళ్ళండి. అత్తయ్యగారివీ, వదినగారివీ, నావీ అన్నీ ఇందులోనే ఉన్నాయి. లోపల గుడ్డ అస్సలు వదలొద్దని చెప్పండి."

"వదిల్తే ఏమవుతుంది?"

"బిగువైతే విప్పించుకుని వదులు చేయించుకోవచ్చు."

"మంచిదేగా?"

"మంచిది కాదు! విప్పించుకోవచ్చులే అన్న ధైర్యం ఉంటే మళ్ళీ నెయ్యి గిన్నె దగ్గరికి పోతాను. ఆ దారి మూసెయ్యాలి" అంది సుధామణి, బడి సంచి భుజానికి తగిలించుకుంటూ.

ఆమె అటు వెళ్ళగానే వీధిలో "పాత బట్టలకి స్టీలు సామానమ్మా!" అన్న కేక వినిపించింది. పాత బట్టలు తీసిపెట్టాననీ, స్టీలు సామాన్ల రత్తమ్మ వస్తే వేసెయ్యాలనీ రాత్రి తల్లి పద్మావతమ్మ అన్న మాట అచ్యుతరామారావుకి గుర్తొచ్చింది. తల్లేమో పూజలో ఉంది. ఎందుకైనా మంచిదని సంచి తెరిచి చూశాడు. అడుగున కొత్త పట్టు గుడ్డలు, పైన జాకెట్లు. ఒకటి జరీది, ధగధగలాడుతోంది. తక్కిన రెండూ వెలిసిపోయిన నూలువి. ఒకదానికి చంకలో మాసిక కూడా ఉంది.

"ఔరా, పాత బట్టలు ఇందులో కలిసిపోయాయే! ఇవి టైలరుకిస్తే మన పరువేం కాను?" అనుకుని ఆ రెండూ పీకి రత్తమ్మ ముందు పడేశాడు.

"రెండు జాకెట్లకి గరిటొస్తదయ్యా" అంది రత్తమ్మ.

అచ్యుతరామారావుకి బేరమంటే ప్రాణం. లోపలికెళ్ళి తల్లి కట్టిపెట్టిన మూట తెచ్చాడు, అది చాలకపోతే తన ప్యాంట్లు తెచ్చాడు, వాదించి వాదించి చివరికి మూడు గిన్నెల స్టీలు క్యారియర్ సాధించాడు. ఆ ఊపులో గుణదల వెళ్ళాడు.

ఆమోసు సంచి బోర్లించి చూసి తల గోక్కున్నాడు. "ఆది ఒకటే ఉంది సార్. గుడ్డలు చూస్తే ముగ్గురివిలా ఉన్నాయి."

ఆది అంటే ఏమిటో అచ్యుతరామారావుకి తెలీదు. కానీ తెలీదు అనే మాట ఆయన ఆఫీసులోనే ఎప్పుడూ అనలేదు, టైలరు దగ్గర అంటాడా?

"అన్నిటికీ అదే. మేమంతా ఒకే ఇంటివాళ్ళం."

"పెద్దమ్మగారికి కూడానా అండీ?"

"చెప్పానుగదయ్యా, అన్నిటికీ! లోపల గుడ్డ కూడా వదలొద్దు. ఇంట్లో మరీ మరీ చెప్పారు."

చెప్పిన మనిషి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. పెళ్ళిళ్ళ సీజనులో ఆమోసుకి ఆలోచించే తీరిక లేదు. ఇంటిల్లిపాదీ ఒళ్ళు తగ్గించుకుంటున్నారు కాబోలు, ఈమధ్య అందరికీ ఇదే పిచ్చి అనుకుని కత్తెర అందుకున్నాడు.

సాయంత్రం సుధామణి క్యారియర్ చూసి, "ఇదెక్కడిదండీ?" అంది.

"పాత గుడ్డలిచ్చి బేరమాడాను."

"పోనీలెండి, మీ చిల్లుల బనీన్లు వదిలాయి" అని ఆమె మెచ్చుకుంది కూడా.

ఇక సుధామణి ఉపవాసాలు మొదలయ్యాయి. అది ఆవకాయ పెట్టే కాలం. అత్తగారు వసారాలో బేసిన్ల కొద్దీ ఆవకాయ కలుపుతుంటే, కోడలు ముక్కు మూసుకుని కీరదోసకాయ కొరుక్కుంది. రాత్రిళ్ళు కలలో అన్నం ముద్దలు కనిపించేవి, నెయ్యితో సహా. తెల్లారేసరికి కాలవగట్టు మీద చెమటలు కక్కుతూ నడిచేది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. క్లాసులో పాఠం చెబుతూ బల్ల పట్టుకుని నిలబడాల్సివచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు.

లోకం మాత్రం ఊరుకుంటుందా? నిన్నటిదాకా "కాస్త ఒళ్ళు తగ్గించుకోవాలి టీచరుగారూ" అన్న పక్కింటావిడే, "అయ్యో, మొహం అలా పీక్కుపోయిందేం? ఒంట్లో బాగాలేదా?" అని జాలిపడింది. ఎంత తగ్గాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ ఉన్నట్టు లేదు.

పెళ్ళి రోజు రానే వచ్చింది. వన్ టౌనులో కల్యాణమంటపం, దాని మేడ మీద మగపెళ్ళివారి విడిది. చెప్పిన రోజుకి జాకెట్లిస్తే ఆమోసు టైలరెందుకవుతాడు? ముహూర్తానికి రెండు గంటల ముందు సైకిలు మీద వచ్చి, మూట గుమ్మంలో పెట్టి, "సార్ చెప్పినట్టే కుట్టానండీ" అని ఇంకో పెళ్ళికి ఉరికాడు.

సుధామణి గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి జాకెట్టు తొడుక్కుంది. ఒక హుక్కు పట్టింది. రెండోది పట్టింది. చివరిదీ పట్టింది! అద్దంలో చూసుకుంది. పదమూడేళ్ళ కిందటి సుధామణి నిలబడి ఉంది. కాకపోతే ఊపిరి పీల్చడానికి లేదు, చెయ్యి ఎత్తడానికి లేదు. ఎవరు పీల్చమన్నారు, ఎవరు ఎత్తమన్నారు? ఆనందంతో ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడు పక్కనుంచి కేక వినిపించింది.

"ఒసే సుధా! నా చెయ్యి ఇరుక్కుపోయిందే!"

పద్మావతమ్మ కుడిచెయ్యి మోచేతిదాకా వెళ్ళి ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఇంకోపక్క కనకవల్లి తన జాకెట్టు రెండు కొసలూ పట్టుకుని లాగుతోంది. వాటి మధ్య జానెడు ఎడముంది. కుట్టు విప్పి చూద్దామంటే లోపల నూలుపోగంత గుడ్డ కూడా లేదు. మూట విదిలిస్తే ఆది జాకెట్టు ఒక్కటే పడింది. అది సుధామణిది.

"ఓహో, ఇదా సంగతి!" అంది కనకవల్లి. "అందరికీ నీ ఆదే ఇచ్చావా? నువ్వు సన్నబడితే సన్నబడు, మా పరువు తియ్యడమెందుకమ్మా?"

"నాకేం తెలుసు వదినా! మీ ఆదులు నేనే సంచిలో పెట్టాను!"

"ఏమే, నేనూ తగ్గాలనా నీ ఉద్దేశం? ఈ వయసులోనా?" అని పద్మావతమ్మ ఇరుక్కున్న చేతితోనే బెదిరించింది.

గొడవ విని తలుపు బయటనుంచి అచ్యుతరామారావు అడిగాడు. "ఏమైంది? జాకెట్లు బాగా కుట్టలేదా? అన్నిటికీ ఒకే ఆది అని స్పష్టంగా చెప్పానే!"

"మా పాత జాకెట్లేం చేశావురా?" అంది పద్మావతమ్మ నెమ్మదిగా.

"అవా? అవి ఇచ్చేగా క్యారియర్..." అంటుండగానే ఆయనకి వెలిగింది. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. ఆ తరవాత ఆయన వంటశాలలో గాడిపొయ్యి వెనక దొరికాడంటారు.

పద్మావతమ్మ మంచం మీద కూలబడింది. "పెళ్ళికొడుకు తల్లిని. వేసుకొచ్చిన నూలు జాకెట్టుతో, ఈ ఒంటితో వియ్యాలవారి ముందుకి ఎలా వస్తాను? మీరెళ్ళండి. నేనిక్కడే కూర్చుంటాను. నేను లేకపోతే ఫొటోకేం లోటు?"

ఆ మాట సుధామణికి సూటిగా తగిలింది. కిందటేడు తను అనుకున్న మాటే అది. కడుపున పుట్టినవాడి పెళ్ళి చూడకుండా ఒక తల్లి గదిలో దాక్కుంటానంటోంది, చారెడు గుడ్డ చాలలేదని. ఆమెకి దుఃఖం, దాని వెనకే కోపం ముంచుకొచ్చాయి.

"ముందు చెయ్యి ఇటివ్వండి అత్తయ్యగారూ" అని అత్తగారి చేతికి పట్టిన గుడ్డ రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ లాగింది.

పర్రుమంది. అత్తగారి జాకెట్టు ఊడొచ్చింది. పర్రుమన్నది మాత్రం సుధామణిది, చంకనుంచి నడుందాకా. కనకవల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సుధామణి నెల్లాళ్ళ తరవాత నిండుగా ఊపిరి పీల్చింది. హాయిగా ఉంది. ఇంకోసారి పీల్చింది.

"వదినా, కింద పెసరట్టు వాసన వస్తోంది. ఉప్మా కూడా ఉన్నట్టుంది, చెప్పి పైకి తెప్పించండి. తినేసి, విడిదికి వేసుకొచ్చిన నూలు జాకెట్ల మీదే పట్టుచీరలు కట్టుకుని దిగుదాం. ముగ్గురం. ముందు వరసలోకే."

"వాళ్ళేమనుకుంటారే?" అంది పద్మావతమ్మ.

"ఏమైనా అనుకోనివ్వండి. మీరు లేకుండా ఈ పెళ్ళి జరగదు. నేను లేకుండా ఆ ఫొటో తియ్యనివ్వను."

తాళి కట్టడం అయింది. ముగ్గురూ చేతులు నిండా ఎత్తి అక్షింతలు వేశారు. గ్రూపు ఫొటోకి పిలుపొచ్చింది. కెమెరా వెనక ఉన్నది మళ్ళీ మణికుమారే. సుధామణి వెళ్ళి పెళ్ళికూతురి పక్కన నిలబడింది. అత్తగారినీ ఆడపడుచునీ చెయ్యి పట్టి లాక్కొచ్చి ఆ పక్కనే నిలబెట్టింది.

మణికుమార్ కెమెరాలో చూసి మొహం చిట్లించాడు. "మేడమ్, మీ ముగ్గురూ కొంచెం వెనక్కెళ్ళాలి. పట్టడం లేదు."

"ఎంత వెనక్కెళ్తే పడతాం బాబూ?"

"రెండడుగులు చాలండి."

"అయితే వెళ్ళు మరి."

"నేను కాదండీ, మీరు..."

"పెళ్ళి మాది. మేమిక్కడే ఉంటాం. అందరూ పట్టేదాకా నువ్వే వెనక్కెళ్ళు" అంది సుధామణి, క్లాసులో ఆఖరి బెంచీకి వినిపించే గొంతుతో.

మంటపమంతా విన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు. స్తంభం చాటున ఒదిగి నిలబడ్డ పెళ్ళికూతురి తల్లి కనకదుర్గ, ఆవిడా కాస్త నిండైన మనిషే, "అయితే నేనూ వస్తానుండండి వదినగారూ" అంటూ ముందుకొచ్చింది. ఆవిడ వెనకే ఇంకో నలుగురొచ్చారు. మణికుమార్ ఒక అడుగు వెనక్కేశాడు. ఇంకా పట్టలేదు. ఇంకో అడుగు, మరో అడుగు వేశాడు. వెనక మజ్జిగ గంగాళం ఉందని అతనికెవరూ చెప్పలేదు. అందులో కూర్చున్నాడు గాని, కెమెరా మాత్రం పైకెత్తి పట్టుకుని మీట నొక్కాడు. అందుకు అతన్ని మెచ్చుకోవాలి. ఆ ఫొటోలో అందరూ ఉన్నారు, అందరూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. సుధామణి మొత్తం ఉంది.

పెళ్ళయిన మర్నాడు వీధిలో రత్తమ్మ కేక వినిపించింది. సుధామణి ఆవకాయన్నం కలిపిన చేతిని కడుక్కుని, కొత్త పట్టు జాకెట్లన్నీ తెచ్చి ఆమె ముందు పోసింది. చిరిగిన తనదీ, పెళ్ళినాటి జరీదీ వాటిలోనే ఉన్నాయి.

రత్తమ్మ ఒకటి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒక్కటి తప్ప అన్నీ కొత్తగా ఉన్నయ్యే! ఎవరియ్యమ్మా ఇయ్యి?"

"ఎవరివీ కావు. అందుకే కొత్తగా ఉన్నాయి. పెద్ద బేసిను ఒకటి తియ్యి."

వసారాలో పేపరు చదువుతున్న అచ్యుతరామారావు ఆ బేరంలో మాత్రం నోరెత్తలేదు.