చివరి కుర్చీ

ఆ ఆదివారం ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరి నుంచి వచ్చిన వియ్యంకుడిని ప్రార్థన మందిరానికి తీసుకెళ్లాలి. ఎప్పటిలాగే చివరి వరుసలో కూర్చోవాలి. ప్రసంగం చెప్పే పెద్దాయన తన అణకువను మెచ్చుకుంటుంటే తల వంచుకోవాలి. అంతే.

పోయిన వారం పెద్దాయన ప్రసంగం మధ్యలో ఆగి, "ఇన్నేళ్లయినా ఆ చివరి కుర్చీ వదలని మన దర్జీని చూసి నేర్చుకోండి" అన్నారు. ఏం లాభం, వినడానికి వియ్యంకుడు లేడు. ఆయన లెక్కల మాస్టారు. పెళ్లి మాటల నాటి నుంచీ చదువులో, మాటలో, చివరికి పొద్దున్నే లేవడంలో కూడా ఆయనదే పైచేయి. దర్జీకి అణకువ ఒక్కటే మిగిలింది.

"ఇవాళైనా ముందు కూర్చుందామండీ. వెనక నుంచి నాకు ఒక్క ముక్క వినపడి చావదు" అంది భార్య.

"నువ్వు కూర్చో. వినడానికే అయితే ముందే మంచిది" అన్నాడు దర్జీ, అద్దం ముందు తల ఎంతవరకు వంచితే బాగుంటుందో చూసుకుంటూ.

మందిరంలో భార్య మొదటి వరుసకు వెళ్లింది. దర్జీ చివరి వరుసలో తన కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీని రుమాలుతో దులిపాడు.

"రండి బావగారూ."

"మీ సరసన కూర్చోవడానికి నేనెంతవాణ్ణి బావగారూ" అంటూ మాస్టారు ఒక మడత కుర్చీ తెచ్చి, సరిగ్గా అతని వెనక వేసుకున్నారు.

దర్జీ వీపు మీద చీమలు పాకినట్టయింది. పాటలు అయ్యేసరికి పెద్దాయన వచ్చేస్తారు. చివరి కుర్చీలో ఈయన కనపడితే? లేచి, తన కుర్చీ ఎత్తుకుని మాస్టారి వెనక, గోడకు ఆనించి వేశాడు.

"నా తల మీకు అడ్డమేమోనని."

"మరి నా తల మీకు అడ్డం కాదూ?" అని మాస్టారు కుర్చీతో సహా గుమ్మంలోకి జరిగారు. దర్జీ మెట్లు దిగి చెప్పుల మధ్యకు చేరాడు. మాస్టారు ఆవరణలోకి దిగారు. "మీరు ముందుండాలి" అని ఒకరు, "ఎంతమాట, మీరే" అని ఒకరు, నవ్వు చెరగకుండా జరుగుతూ జరుగుతూ గేటు దాకా వెళ్లారు. అక్కడ దర్జీ తన కుర్చీని గేటుకు ఆనించేసి ఊపిరి పీల్చుకున్నాడు. ఇక వెనక వీధి తప్ప ఏమీ లేదు.

వియ్యంకులిద్దరూ కుర్చీలు పట్టుకుని బయటికి పోవడం చూసి మందిరం కార్యదర్శి కంగారుపడ్డాడు. కొత్త చుట్టరికం, ఏం మాటొచ్చిందో. బతిమాలుకుందామని మంచినీళ్ల గ్లాసుతో పరుగెత్తాడు. ఆ పరుగు చూసిన ఒకావిడ, "పైకప్పు పెచ్చులూడుతోందేమో" అంది. పక్కావిడ ఆ "ఏమో"ను తీసేసి ముందు వరుసకు చెప్పింది. పాట సగంలో ఉండగానే అందరూ కుర్చీలెత్తుకుని ఆవరణలోకి వచ్చేశారు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన వీధిలోంచి వచ్చి గేటు తోయబోయారు. దర్జీ కుర్చీ అడ్డం. చుట్టూ చూశారు.

"లోపలి ఉక్క కన్నా ఈ గాలే నయం. ఇక్కడే కానిద్దాం. అందరూ ఇటు తిరగండి."

ఎనభై కుర్చీలు ఇటు తిరిగాయి. దర్జీ కాస్త జరిగి గేటు తీసి, తనూ తిరిగి కూర్చున్నాడు. పెద్దాయన చొక్కాకి రెండో గుండీ వేలాడటం కూడా కనపడేంత దగ్గర.

"మొదటి వరుస కోసం ఆరాటపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు" అన్నారు పెద్దాయన, కళ్లద్దాల పైనుంచి వియ్యంకులిద్దరినీ చూసి. "అదిగో, అందరికన్నా వెనక ఆ మెట్టు మీద కూర్చున్న అమ్మను చూసి నేర్చుకోండి."

ఆవిడ దర్జీ భార్య. మొదటి వరుసలోంచి రావడం వల్ల అందరికన్నా ఆఖరున బయటపడింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంటున్నారు?" అని పక్కావిడను అడుగుతోంది.

మాస్టారికి నవ్వు ఆగలేదు. "ఇద్దరం కలిసి ఓడిపోయాం బావగారూ." దర్జీకీ నవ్వొచ్చింది. అణకువను కొలవాలంటే ఎంత పొడుగు టేపు కావాలో అనుకున్నాడు. ఇంటికి ముగ్గురూ పక్కపక్కనే నడిచారు. పిల్లల పెళ్లయ్యాక అంత తేలిగ్గా మాట్లాడుకోవడం అదే మొదలు.

మరుసటి వారం దర్జీ మధ్యలో కూర్చున్నాడు. ముందు ముప్ఫై తొమ్మిది, వెనక నలభై కుర్చీలు. అంత మధ్యలో ఇంకెవరూ లేరని భార్యకు రెండుసార్లు చెప్పాడు.