ఫైలుకు జతపరచిన సూరీడమ్మ

ఇలా దగ్గరికి జరగండి, గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు: యూనివర్సిటీలో ఫెలోషిప్పుల సెక్షను ఉంది కదా, అక్కడి ఇనుప బీరువా రెండో అరలో మా ఊరి కోరాడ సూరీడమ్మ నాలుగేళ్ళపాటు ఒక ఫైలుకు జతపరచి ఉండేది. మీరు సరిగ్గానే విన్నారు. ఆమెకు ముందు పదమూడు కాగితాలు, ఆమె తరువాత ఒక పాస్‌పోర్టు ఫోటో.

ఆ ఫైలు బోనెల రోహిణిది. తెలుగులో పరిశోధన చేస్తానని చేరింది ఆ పిల్ల. సూరీడమ్మకు ఒక ఉడుపుల పాట వచ్చు, వరినాట్లప్పుడు పాడేది, నలభై ఎనిమిది చరణాలు, మరొకరికి రాదు. అది పోకముందే రాసుకోవాలని రోహిణి పట్టుదల. అయితే కాలికి తడి తగలకుండా ఆ పాట పాడకూడదు. మడిలో దిగాలి, అప్పుడే నోరు విప్పాలి. ఉడుపుల కాలమంతా పల్లెలో ఉండాలంటే రోహిణికి ఫెలోషిప్పు కావాలి. లేదంటే ప్రైవేటు కాలేజీలో పొద్దస్తమానం పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోవాల్సిందే.

దరఖాస్తులో ఒక గడి ఉంది: 'ఆధారాన్ని జతపరచవలెను'. మిగతా పిల్లలు పుస్తకాల్లో పేజీలు జిరాక్సు తీయించి గుచ్చారు. రోహిణి పాట ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్న మాటే రాసింది, ఆధారం కోరాడ సూరీడమ్మ అని. వారం తిరక్కుండా ఫారం వెనక్కి వచ్చింది. 'ఆధారం పేర్కొన్నారు, జతపరచలేదు' అని ఎర్ర సిరాతో రాసి ఉంది.

అందుకని ముసలమ్మను బస్సెక్కించి తీసుకొచ్చింది. సెక్షనులో లోకనాథం గారని సీనియర్ అసిస్టెంటు, నెమ్మదైన మనిషి. ఆధారం ఏదమ్మా అని ఆయన అడిగితే, సూరీడమ్మ బొడ్లో సంచి విప్పి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. అది కాదమ్మా, ఆధారం నువ్వే అన్నారాయన. ముందు ఆమెను జిరాక్సు యంత్రం మీద పడుకోబెట్టి చూశారు. నల్లటి కాగితాలు వచ్చాయి. ఇక ఒరిజినలే కావాలని తేల్చి, కొంగు చివర చిన్న చిల్లు పొడిచి, ట్యాగు దూర్చి, ముడి వేసి అరలో పెట్టారు. రశీదు కూడా ఇచ్చారు.

సూరీడమ్మకు అక్కడ లోటేమీ జరగలేదు. రెండు పూటలా టీ వచ్చేది, మధ్యాహ్నం సెక్షను వాళ్ళ కారియర్లలోంచి తలో ముద్ద వచ్చేది. సైన్సు వాళ్ళ ఫైళ్ళు పై అంతస్తులో ఏసీ గదిలో ఉండేవి, చకచకా కదిలేవి. కింది బీరువాకు ఒక పాత కూలర్ దిక్కు. అది సరిగ్గా రెండో అర మీదికే కారేది.

రోహిణి నెలకోసారి కౌంటరు దగ్గరికి వచ్చి, ఫైలు కదిలిందా అండీ అని అడిగేది. పరిశీలనలో ఉందనేవారు లోకనాథం గారు. దరఖాస్తుదారు జతపత్రంతో మాట్లాడితే ఫైలును దిద్దినట్టు లెక్క, కాబట్టి మాట్లాడనివ్వలేదు. కానీ జతపత్రం పాడకూడదని ఏ రూల్లోనూ లేదు. కూలర్ నీళ్ళకు సూరీడమ్మ కాళ్ళు తడిసి ఉండేవి. రోహిణి గొంతు వినబడగానే ఒక చరణం ఎత్తుకునేది.

*మోకాటి బంటి నీట మొగమేసి వంగేము*
*ఆకాశం నీటిలోన అడుగడుగునా నాటేము*

లోకనాథం గారు లేచి పంకా ఆపేవారు, అటు తిరిగి స్టాంపులు సర్దుకునేవారు. నెలకొక చరణం. నలభై ఏడు నెలలకు నలభై ఏడు చరణాలూ రోహిణికి వచ్చేశాయి. చివరిదొకటే మిగిలింది. నాట్లు ముగించి ఆడవాళ్ళు గట్టెక్కి ఇళ్ళకు పోయే చరణం అది.

ఆ నెలలోనే సెక్షనులో ఒక ఫైలు కదిలింది. కూలర్ మరమ్మతు ఫైలు.

రోహిణి వచ్చి నిలబడింది. సూరీడమ్మ తన కాళ్ళవంక చూసుకుంది.

"ఆరిపోనాయే గుంటా. ఇంకో మాటు రా, సూద్దాం."

చెంబెడు నీళ్ళు పోస్తానని రోహిణి బతిమాలింది. జతపత్రాన్ని తడిపితే నేరమవుతుందని, అయినా అనుమతి కోసం నోటు పెడతానని లోకనాథం గారన్నారు. పెట్టారు కూడా, ఆ పూటే. నోటు పై గదికి వెళ్ళింది. నాలుగోనాడు సూరీడమ్మ నిద్రలో పోయింది. రిజిస్టర్లో 'జతపత్రం శిథిలమైనది' అని రాశారు. ట్యాగు ముడి విప్పింది లోకనాథం గారే. విప్పడానికి చాలాసేపు పట్టింది ఆయనకు.

తరువాత రోహిణికి తాఖీదు వెళ్ళింది, పదిహేను రోజుల్లో వేరే ఆధారం చూపించమని. వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"ఆ పాట ఇప్పుడు ఎవరికి వచ్చమ్మా?" అని అడిగారు లోకనాథం గారు.

"నాకేనండి. చివరి చరణం తప్ప."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఆధారం నువ్వే కదమ్మా."

రోహిణి కాసేపు ఆలోచించింది. ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. చున్నీ చివర తనే పట్టుకుని చూపించింది, చిల్లు ఎక్కడ పొడవాలో. అరలోకి ఎక్కి, ముసలమ్మ ఒత్తిగిలిన చోటే ఒత్తిగిలింది. దరఖాస్తుదారు జతపత్రంతో మాట్లాడకూడదు కాబట్టి, ఆనాటినుంచి తనలో తను మాట్లాడుకోవడం కూడా మానేసింది.

ఫెలోషిప్పు మంజూరయింది. అబద్ధం ఎందుకు, నిజంగానే మంజూరయింది. దరఖాస్తుదారు స్వయంగా వచ్చి సంతకం చేయాలి, జతపత్రాన్ని మాత్రం ఫైలునుంచి విడదీయరాదు. అందువల్ల ఆ ఉత్తర్వును మడిచి ఆమె తలకింద పెట్టారు. తలకు ఎత్తుగా బాగానే ఉందని చెప్పిందట. కూలర్ బాగా పనిచేస్తోంది, ఒక్క బొట్టు కారడం లేదు. పాటలో ఆడవాళ్ళు ఇంకా మడిలోనే వంగి ఉన్నారు.

మీరు ఇది మరిచిపోకండి. మీ పిల్లలకు చెప్పండి, పనిచేసే చోట పక్కవాళ్ళకు చెప్పండి. ఒక్క మాట, ఆధారం ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం నా పేరెత్తకండి. ఎవరో ముసలిది చెప్పిందనండి, చాలు. ఆ అరలో కాళ్ళు తడవవు.