కుర్చీ మీద తువ్వాలు

ఆ రోజు పొద్దున్న అనూరాధ వేసుకున్న పథకం చాలా మామూలుది. పదకొండు గంటలకి పాలకవర్గాన్ని కూర్చోబెట్టాలి, పై అంతస్తు హాలు గురించి ఒక్క తీర్మానం చేయించాలి, అందరికీ ఉప్మా పెట్టి సాగనంపాలి. నాగావళి పౌర గ్రంథాలయ కార్యదర్శిగా ఆమె ఆ పూట దేవుణ్ని అంతకు మించి ఏమీ కోరలేదు.

ఆ గ్రంథాలయం సామాన్యమైనది కాదు. కింద రెండు హాళ్ల నిండా లక్ష పుస్తకాలు, పల్లెల్లో శాఖలు, ఆ శాఖలకి పుస్తకాలు మోసుకెళ్లే వ్యాను. జిల్లాలో ఇల్లున్న ప్రతివాడూ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయానికీ కాస్త కడతాడు. కడుతున్నట్టు చాలామందికి తెలియదు. జన్మలో పుస్తకం ముట్టని వాడు కూడా ఆ లెక్కన పుస్తకాలకి మహారాజ పోషకుడే. ఇంత పెద్ద సంస్థ మీద ప్రభుత్వం నియమించిన అధ్యక్షుడొకడు, ఆయనతో ఆరుగురు సభ్యులు ఉంటారు. పుస్తకం కొనాలన్నా, వేళలు మార్చాలన్నా, గది తాళం తీయాలన్నా వాళ్ల తీర్మానం కావాలి.

ఆ తాళం దగ్గరే చిక్కంతా. పై హాలు సమావేశాలప్పుడు తప్ప తెరవరు. కింద చూస్తే పోటీ పరీక్షలకి చదివే పిల్లలు కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుంటున్నారు. హాలు వాళ్లకి ఇప్పించాలని అనూరాధ పట్టుదల. సభ్యుడు మోహనకృష్ణకేమో దాన్ని చీరల ఎగ్జిబిషన్‌కి అద్దెకివ్వాలని ఉబలాటం. ఈ సమావేశంలో వేరే తీర్మానం ఏదీ కాకపోతే హాలు చీరలకే అని కిందటిసారి ఒప్పించేసుకున్నాడు కూడా. కాబట్టి ఇవాళ కాకపోతే ఇక లేనట్టే.

ఇక కుర్చీల సంగతి చెప్పాలి. మన బస్సుల్లో ఒక చట్టం ఉంది. కిటికీలోంచి తువ్వాలు ఏ సీటు మీద పడితే ఆ సీటు తువ్వాలు గలవాడిది. కలెక్టరు వచ్చినా ఆ తువ్వాలు తీయడు. గ్రంథాలయంలోనూ అదే చట్టం నడుస్తోంది. అందుకే అటెండరు సూరయ్య పై హాలు తాళం తీసి, ఊడ్చి, అధ్యక్షుడి పెద్ద కుర్చీని ఎవరూ లాక్కుపోకుండా తన భుజం మీది తువ్వాలు దాని మీద పరిచాడు. తర్వాత దండ పట్టుకుని, కొత్త అధ్యక్షుడి కారు కోసం వీధి గేటు దగ్గర నిలబడ్డాడు.

కొత్త అధ్యక్షుడి పేరు నరసింగరావు. సాలూరులో లారీలున్న మనిషి. పదవి వచ్చి వారమే అయింది. ఫోన్లో గొంతు వినడమే గానీ గ్రంథాలయంలో ఆయన ముఖం చూసినవాళ్లు లేరు. ఆయన కారులో రాలేదు. అటువైపు వెళుతున్న తన లారీ ఒకటి ఎక్కి, వెనక సందులో దిగి, వెనక మెట్ల మీదుగా తిన్నగా పై హాల్లోకి వచ్చాడు. పెద్ద కుర్చీ మీద తువ్వాలు చూశాడు. ఉన్నచోటే ఆగిపోయాడు.

ఒకడికిచ్చిన పదవి తెల్లారేసరికి ఇంకొకడికి పోవడం ఆయన ఎరగనిది కాదు. కొత్తాయన ఎవరో వచ్చి సీటు ఆపేసుకున్నాడు! సాలూరంతా చెప్పుకున్నాడు, స్వీట్లు పంచాడు. ఇప్పుడు ఇంటికెళ్లి భార్య దాలమ్మకి ఏమని చెప్పుకోవాలి? తువ్వాలు తీసి పక్కన పెడదామన్న ఆలోచన మాత్రం ఆయనకి రానేలేదు. తలుపు మీద ‘సెల్ ఫోన్లు ఆపివేయండి’ అని ఉంటే అదీ ఆపేసి, ఉసూరుమంటూ కిందికి దిగాడు.

ఆయన అటు దిగాడో లేదో మోహనకృష్ణ ఇటు ఎక్కాడు. భారీ మనిషి, ఆయాసపడుతూ వచ్చి తువ్వాలు చూసి, అధ్యక్షుడు అప్పుడే వచ్చి ఎటో వెళ్లాడనుకున్నాడు. అందరికంటే ముందు తనే నమస్కారం పెట్టాలని, తన కుర్చీలో రుమాలు వేసి వెతకడానికి పోయాడు. తర్వాత వచ్చిన సభ్యుడూ అంతే, ఆ తర్వాతి వాళ్లూ అంతే. అనూరాధ వచ్చేసరికి ఏడు కుర్చీలు, ఏడు గుడ్డలు ఉన్నాయి గానీ మనిషి లేడు. ఆమె సూరయ్యని పిలిచింది.

"సూరయ్యా, వీళ్లంతా ఏరీ?"

"ఒచ్చినారు కద మేడమ్. గుడ్డలున్నాయి కదా."

"గుడ్డలతో కోరం అవుతుందా?"

"బస్సులో అయితే అవుద్ది మేడమ్."

"మరి అధ్యక్షులవారు?"

"ఆయనింకా రానేదు. పెద్ద కుర్సీ మీదది నా తువ్వాలే."

అనూరాధ తల పట్టుకుంది. "ముందు ఈ గుడ్డలన్నీ తీసి ఎవరివి వాళ్లకిచ్చి, మనుషుల్ని పట్టుకురా" అంది. అదే ఆమె చేసిన పొరపాటు. గుడ్డ తీసిన కుర్చీ ఖాళీ కుర్చీ అవుతుంది. తలుపు తెరిచి ఉందని అప్పటికే గుమ్మంలో తొంగిచూస్తున్న పిల్లలు ఒక్క ఉదుటున లోపలికి వచ్చారు. సూరయ్య మూట కట్టేలోగా హాల్లో ఉన్న ప్రతి కుర్చీ మీదా ఒక చున్నీయో, నీళ్ల సీసాయో, మనిషో ఉన్నారు. అనూరాధ గట్టిగా అరుద్దామని నోరు తెరిచింది. అప్పుడే పుస్తకాల్లోకి వంగిపోయిన ఆ తలల్ని చూసి మళ్లీ మూసుకుంది. లేవమనడానికి మనసొప్పలేదు.

కింద నరసింగరావు పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంది. ఒక కుర్చీలో కూలబడబోతే, మెట్ల మీద చదువుకుంటున్న ఉష అనే అమ్మాయి ఆపింది.

"మావయ్యా, దాని మీద బాటిలున్నాది. ఆ అన్న టీకి ఎల్లినాడు. ఇలా మెట్ల మీద కూకోండి."

"ఇక్కడ కూడానా!" అని నిట్టూర్చి ఆయన ఆమె పక్కన చతికిలబడ్డాడు. "నువ్వు రోజూ ఇక్కడేనా అమ్మా?"

"రోజూని. మాది సముద్రం ఒడ్డు. మొదటి బస్సుకి ఒస్తే మెట్టు దొరుకుద్ది, రెండో బస్సుకైతే అదీ నేదు. మీకేటి పుస్తకం కావాలి?"

"డీజిల్ ఇంజన్ల మీద ఏటైనా ఉంటాదా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

ఉష లేచి ఆయన్ని అరల మధ్యకి తీసుకెళ్లింది. "పుస్తకాల ఈపు మీద నంబర్లు సూడండి. ఆరొందల్లో యంత్రాలు, వ్యవసాయం. ఎనిమిదొందలు కథలు, పద్యాలు. తొమ్మిదొందలు చరిత్ర. మనిషిని అడగక్కర్నేదు, నంబరే సెప్తాది." అంటూనే పుస్తకం తీసి చేతిలో పెట్టింది.

నరసింగరావు పుస్తకాన్ని చూశాడు, అరల్ని చూశాడు. తన గోడౌన్లో ఉన్న కాసిని మూటల్లోనే పాతపట్నం మూట చీపురుపల్లికి పోయి, ప్రతి వారం ఎవరితోనో చీవాట్లు తింటున్నాడు. ఇక్కడ లక్ష ఉన్నాయి, ఒక్కటీ దారి తప్పలేదు. ఆయనకి నిజంగా ఒళ్లు పులకరించింది. "ఎవులమ్మా ఇదంతా నడిపిస్తన్నది?"

"మా అనూరాధ మేడమ్. ఆమె మీద కమిటీ ఉన్నాది. ఆలు మూడు నెల్లకోసారి ఒచ్చి ఉప్మా తినీసి ఎల్లిపోతారు."

ఇంత గొప్ప సంస్థకి తను అధ్యక్షుడు కాలేకపోయినందుకు నరసింగరావుకి ఈసారి నిజమైన దుఃఖం వచ్చింది. అంతలో మోహనకృష్ణ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమండీ, కొత్త అధ్యక్షుణ్ని చూశారా?"

"పైన తువ్వాలు ఏసినాయనేనా? నానూ సూడనేదు. పదండి, ఆ మహానుబావుడెవుడో నానూ సూస్తాను" అని అధ్యక్షుడే అధ్యక్షుణ్ని వెతకడానికి బయల్దేరాడు.

అలా అందరూ అన్ని అరలూ తిరిగి, కాళ్లు పీకి, చివరికి పిల్లల విభాగంలో తేలారు. గ్రంథాలయం మొత్తంలో కుర్చీలు ఖాళీగా ఉన్నది అక్కడే. బడివేళ కదా. గుడ్డల మూట, దండ పట్టుకుని సూరయ్య, వెనకే అనూరాధ వచ్చారు. సూరయ్య ఎవరి రుమాలు వాళ్లకిచ్చి, తువ్వాలు దులిపి తన భుజం మీద వేసుకున్నాడు.

నరసింగరావు ఉలిక్కిపడ్డాడు. "అయితే కొత్త అధ్యక్షుడివి నువ్వా!"

"రామ రామా! నాను అటెండర్ని బాబూ. సాలూరు నరసింగరావు గారని పెద్దమనిషి ఒస్తన్నారు. ఆరి కుర్సీ ఎవులూ లాక్కోకుండా ఏసినాను."

"నా కోసమా! నానేరా నరసింగరావుని!" అంటూ ఆయన సూరయ్యని కావలించుకున్నాడు. దండ ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

మోహనకృష్ణకి మాత్రం అవకాశం కనిపించింది. "హాలు నిండిపోయింది, కూర్చోవడానికి చోటు లేదు. వాయిదా వేద్దామండీ." అనూరాధ ముఖం పాలిపోయింది.

"చోటు నేకపోడమేటి?" అన్నాడు నరసింగరావు. "ఏడుగురం ఉన్నాం, ఇక్కడ కుర్సీలున్నాయి. కూకోండి."

కుర్చీల వీపుల మీద ఏనుగుల, కుందేళ్ల బొమ్మలున్నాయి. పాలకవర్గం మోకాళ్లు గడ్డాలకి తగిలేలా సర్దుకుంది. మోహనకృష్ణ కుర్చీ రెండు చేతుల మధ్య తనని తాను కొంచెం కొంచెంగా కూరుకున్నాడు. అనూరాధ తీర్మానం చదివింది. పై హాలు చదువుకునే పిల్లలకి ఇవ్వాలి, ఇవాళ్టి నుంచే.

"మెట్ల మీద కూకుంటే ఎలాగుంటాదో నానిప్పుడే సూసినాను. నాకిష్టం" అన్నాడు నరసింగరావు. "ఒద్దన్నవోలు లెగిసి నిలబడండి."

మోహనకృష్ణ లేవబోయాడు. కుర్చీ వదల్లేదు. బల్ల మీద చేతులానించి ఊపిరి బిగించి మళ్లీ ప్రయత్నించాడు. బల్ల కదిలింది గానీ ఆయన కదల్లేదు. అధ్యక్షుడు మర్యాదగా కాసేపు ఆగి, నలుదిక్కులా చూశాడు.

"ఎవులూ లెగనేదు. రాయండమ్మా."

'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని అనూరాధ రాసింది. అందరూ సంతకాలు చేసి ఉప్మాకి వెళ్లారు, మోహనకృష్ణ కోసం మాత్రం వడ్రంగికి కబురు పెట్టారు.