అమర్యాదకు అనుమతి

ఇంగ్లండ్‌లోని మా లెస్టర్ తెలుగు కుటుంబాల సంఘంలో అమర్యాద పూర్తిగా తొలగిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ ఘనత కార్యదర్శి బాపురావు గారిది. ఆయన జపాన్ వాళ్ళ కంపెనీలో పనిచేస్తారు. అక్కడ బాసు గదిలోకి వెళ్తూ, ఫోన్ పెట్టేస్తూ, అందరికన్నా ముందు ఇంటికి బయల్దేరుతూ "షిత్సురేయ్" అంటారట. అమర్యాద చేస్తున్నాను, మన్నించండి అని అర్థం. ఆ మాట అనేశాక ఇంకెవరూ ఏమీ అనుకోరు.

"ఇంత నాగరికమైన ఏర్పాటు మనకు మాత్రం ఎందుకుండకూడదు?" అని నెలవారీ భోజనాల్లో ఆయన ముప్పావుగంట ప్రసంగించారు. మధ్యలో లేచేవాళ్ళు ఆ మాట చెప్పి నిరభ్యంతరంగా వెళ్ళవచ్చని తీర్మానించాం.

అందరికన్నా సంతోషించింది సాత్విక. ఎమ్మెస్సీ చదువుతూ, వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తోంది. మా వీడ్కోళ్ళకు గుమ్మం దగ్గరే గంట పడుతుంది గనక రెండుసార్లు షిఫ్ట్‌కి ఆలస్యమైంది. మూడోసారైతే డ్యూటీల రోటాలో పేరుండదని మేనేజరు చెప్పేసింది. అయినా పప్పూ గోంగూర పచ్చడీ మానుకోలేక వస్తుంది, పాపం.

సభ్యులు ఆ మాటను అప్పటికప్పుడే అమల్లో పెట్టారు. రత్నమ్మ ఆంటీ షిత్సురేయ్ అని మహేశ్ జీతం అడిగారు. ఇంకొకావిడ షిత్సురేయ్ అని స్నేహలత బరువు అడిగారు. ఒక అంకుల్ షిత్సురేయ్ అని పక్కాయన ప్లేట్లో గారె తీసుకున్నారు. ఇవన్నీ ఇదివరకూ ఉన్నవే, ఇప్పుడు మర్యాదగా జరుగుతున్నాయి.

మూడున్నరకు సాత్విక లేచి, చేతులు జోడించి ఆ మాట అంది. పలికిన తీరుకు ముచ్చటపడి అందరూ ఆమెను మళ్ళీ కూర్చోబెట్టారు. ఇంత మర్యాద తెలిసిన పిల్ల ఎవరమ్మాయో కనుక్కోకుండా పంపిస్తే బాగుండదు కదా. షిత్సురేయ్, ఏ ఊరు? షిత్సురేయ్, సంబంధాలు చూస్తున్నారా? బస్సుకి నాలుగు నిమిషాలే ఉన్నాయి.

"షిత్సురేయ్ అమ్మా, నీ వీసా ఇంకా ఎన్నాళ్ళుంది?" అన్నారు రత్నమ్మ ఆంటీ.

సాత్విక బ్యాగు తీసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. పరిగెత్తి బస్సందుకోవడం కిటికీలోంచి చూసి నా ప్రాణం కుదుటపడింది.

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. బాపురావు గారు తీవ్ర విచారం వ్యక్తం చేశారు. "మనం చెప్పి మరీ అడిగాం. ఆ అమ్మాయికి ఒక్క మాట చెప్పి వెళ్ళడానికి నోరు రాలేదా?" అన్నారు. ఇకపై ఆమెను పిలవకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాం. నేనూ చెయ్యెత్తాను.

వీసా అయిపోవచ్చిందేమో, లేకపోతే జవాబు చెప్పకపోవడమేమిటని ఇళ్ళకు వెళ్తూ దారిపొడవునా అనుకున్నాం. చదువుతున్న మీరైతే ఆమె బ్యాగు తీసుకున్నప్పుడే అలా అనుకుని ఉంటారు.