ఫోర్డ్ వాళ్ళతో చుట్టరికం

ఆ శనివారం హేమచంద్ర పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఇంటి ముందు గడ్డి కోయాలి, స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, మధ్యాహ్నం డాక్టర్ ద్వారకానాథ్ దంపతులు రాగానే నవ్వుతూ ఎదురెళ్ళాలి. పిండివంటల సంగతి భార్య ఉదయలక్ష్మి చూసుకుంటుంది. మాట్లాడే సంగతి కూడా ఆవిడే చూసుకుంటే మేలని కూతురు సింధుజ అభిప్రాయం.

"నాన్నా, ప్లీజ్, డోంట్ ట్రై టూ హార్డ్. జస్ట్ నార్మల్‌గా ఉండు చాలు," అంది సింధుజ కాఫీ తాగుతూ.

"నేనెప్పుడు నార్మల్‌గా లేనే?"

తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

విషయం ఏమిటంటే, సింధుజ డాక్టరుగారి అబ్బాయి సాకేత్‌ని ఇష్టపడింది. ఇద్దరూ యూనివర్సిటీలో కలిసి చదువుకున్నారు. చేసుకుంటే అతన్నే చేసుకుంటాను, లేదంటే నా దగ్గర పెళ్ళి ఊసెత్తొద్దు అని తేల్చి చెప్పేసింది. డాక్టరుగారు కూడా ఫోన్లో, "మాకు కులం పట్టింపు లేదు, జాతకాలు అక్కర లేదు. పిల్లలు మంచిగుంటే చాలు," అన్నారు. అయినా హేమచంద్రకు లోపల దిగులే. డాక్టరుగారేమో ముప్ఫై ఏళ్ళ కిందటే హన్మకొండ నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన గుండె డాక్టరు. తను పదకొండేళ్ళుగా సిడ్నీలో ఉన్నాడన్న మాటే గాని, నిజానికి అందులో ఎక్కువకాలం ఉన్నది టూంగాబీ అనే పేటలో. అక్కడ ఎడమ పక్క వాటా గుంటూరు వాళ్ళది, కుడి పక్కది నెల్లూరు వాళ్ళది. ఇల్లు వదిలితే రైలు, రైలు దిగితే ఆఫీసు. ఇక్కడి మనుషుల్ని దగ్గరగా చూసింది ఈ మధ్య క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కొనుక్కుని వచ్చాకే. డాక్టరుగారి ముందు గొప్పగా చెప్పుకోవడానికి తనకి ఒక్క పెద్దమనిషి కూడా పరిచయం లేడన్నది ఆయన్ని తొలిచేస్తున్న బాధ. అమ్మాయి సంతోషం తన చేతకానితనం వల్ల చేజారితే ఎలాగని రెండు రోజులుగా అన్నం కూడా సరిగా తినడం లేదు.

సింధుజ బయల్దేరుతూ, "సాకేత్‌కి ఆఫీస్‌లో హాఫ్ డే ఉంది. నేను సిటీలో కలుస్తాను. ఇద్దరం ట్రెయిన్‌లో వచ్చేస్తాం," అని చెప్పి వెళ్ళింది. గుండె డాక్టరు కొడుకు రైల్లో రావడమేమిటని హేమచంద్ర ఒక్క క్షణం అనుకున్నాడు గాని, గడ్డి గుర్తొచ్చి వీధిలోకి నడిచాడు.

గడ్డి కోసే మిషను తాడు ఎంత లాగినా మిషను కిక్కురుమనలేదు. ఆయన అవస్థ చూసి పక్కింటి గ్యారీ తన మిషను తోసుకుంటూ వచ్చాడు. గ్యారీ అరవై దాటిన మనిషి, ఎలక్ట్రీషియనుగా పనిచేసి రిటైరయ్యాడు. పొద్దస్తమానం తన నీలం రంగు కారు తుడుచుకుంటూ కనిపిస్తాడు. మిషను ఊరికే తీసుకుంటే బాగుండదని హేమచంద్ర మర్యాదకి ఓ మాట అన్నాడు.

"మీ కారు చాలా బావుంది. ఫోర్డే కదా?"

గ్యారీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "వియార్ ఎ ఫోర్డ్ ఫ్యామిలీ, మేట్! ఫోర్ జెనరేషన్స్!"

ఆస్ట్రేలియాలో ఈ మాటకి అర్థం ఒక్కటే. మేము ఫోర్డ్ కార్లంటే పడిచచ్చే మనుషులం, హోల్డెన్ కార్లని గుమ్మం తొక్కనివ్వం అని. ఈ దేశంలో కొన్ని ఇళ్ళు తాతల నాటి నుంచి ఫోర్డ్ ఇళ్ళు, కొన్ని హోల్డెన్ ఇళ్ళు. ఏటా బాథర్స్ట్‌లో కార్ల పందెం జరిగితే ఇటు వాళ్ళు నీలం, అటు వాళ్ళు ఎరుపు కట్టుకుని అరుచుకుంటారు. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. హేమచంద్రకు తెలియదు. ఆయన చెవిలో పడ్డ ఇంగ్లీషు బుర్రలోకి వెళ్ళేలోగా తెలుగైపోయింది. మేము ఫోర్డ్ వాళ్ళం. అంటే ఇంటిపేరు ఫోర్డ్. అంటే ఆ కంపెనీ పెట్టిన మహానుభావుడి వంశం!

"మరి... మేడమ్‌గారు?" అని అడిగాడు గొంతు తగ్గించి.

తన భార్య డెబ్బీ పెళ్ళికి ముందు హోల్డెన్ అనీ, తనే మార్చి ఫోర్డ్ చేసుకున్నాననీ, ఆ కోపంతో మామగారు ఏడాది పాటు గడప తొక్కలేదనీ చెప్పాడు గ్యారీ. పుట్టింటివారు హోల్డెన్, మెట్టినింటివారు ఫోర్డ్. అంటే రెండు పెద్ద వంశాల వియ్యమన్నమాట, అనుకున్నాడు హేమచంద్ర.

గడ్డి సగం కోసి ఇంట్లోకి పరిగెత్తి ఫోన్లో వెతికాడు. హెన్రీ ఫోర్డ్ గారు ఫ్యాక్టరీలో కారు భాగాలే పనివాళ్ళ దగ్గరికి కదిలి వచ్చేట్టు చేసి, మామూలు సంసారులు కూడా కారెక్కే రోజులు తెచ్చాడట. చాలాకాలం నల్ల రంగు తప్ప ఇంకో రంగు వెయ్యనన్నాడట. ఫోర్డ్ వాళ్ళు 1925లోనే ఆస్ట్రేలియాలోని గీలాంగ్ ఊళ్ళో అడుగు పెట్టారు. 2016లో ఈ దేశంలో కార్లు చేయడం ఆపేశారు. హోల్డెన్ కూడా ఇంటిపేరే. అడిలైడ్‌లో గుర్రపు జీన్లు కుట్టే వ్యాపారంతో మొదలై, తర్వాత జనరల్ మోటార్స్ అనే ఇంకో అమెరికా కంపెనీ చేతికి వెళ్ళింది.

"అంత గొప్పవాళ్ళయితే మన పక్కనెందుకుంటారండీ? మొన్న డెబ్బీ మన చిక్కుడుకాయలు రెండు గుప్పెళ్ళు అడిగి మరీ పట్టుకెళ్ళింది," అంది ఉదయలక్ష్మి బొబ్బట్లు ఒత్తుతూ.

"నిజమైన గొప్పవాళ్ళు అలాగే ఉంటారు. నిరాడంబరం. నీకు అర్థం కాదులే."

మిషను తిరిగి ఇచ్చేటప్పుడు పలకరింపుగా, "ఎడ్సెల్ సంగతి చదివాను. చాలా బాధేసింది," అన్నాడు. ఎడ్సెల్ హెన్రీగారి కొడుకు. ఆయన పేరు మీద తెచ్చిన కారు అనుకున్నట్టు అమ్ముడుపోక కంపెనీ నవ్వులపాలైంది. గ్యారీ తల పంకించి, అది పెద్ద దెబ్బేననీ, ఎంత మంచి ఇంట్లోనైనా అలాంటిదొకటి ఉంటుందనీ అన్నాడు. ఇక్కడి ఫ్యాక్టరీ మూసేసిన రోజు మాత్రం పనికి పోకుండా ఇంట్లో కూర్చుని ఏడ్చానన్నాడు. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. హేమచంద్ర అతని భుజం మీద చెయ్యి వేసి ఓదార్చి, ఆ ఊపులోనే మధ్యాహ్నం టీకి దంపతుల్ని పిలిచాడు. మా అమ్మాయి పెళ్ళి మాటలు, మీరు పెద్దరికం వహించాలి అన్నాడు. తన వంతు సాయం చేస్తానని గ్యారీ మాటిచ్చాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. డాక్టరుగారికి ఫోన్ చేశాడు.

"డాక్టరుగారూ, ఇవాళ మా ఇంటికి ఫోర్డ్ వాళ్ళు కూడా వస్తున్నారండీ. మాకూ వాళ్ళకీ తేడా లేదనుకోండి. వాళ్ళూ మేమూ ఒకటే!"

"మీరు... ఫోర్డా?"

"అంతేనండి మరి, మీ దగ్గర దాచడం దేనికి!"

"సాకేత్ గీ ముచ్చట చెప్పలే," అని ఫోన్ పెట్టేశారు ద్వారకానాథ్.

"నోట మాట రాలేదే ఆయనకి!" అని భార్యకు చెప్పి మురిసిపోయాడు హేమచంద్ర.

మూడు కావస్తుండగా గ్యారీ అన్న మాట నిలబెట్టుకున్నాడు. తన నీలం కారు తెచ్చి హేమచంద్ర ఇంటి ముందు నిలిపాడు. ఫోర్డ్ ముద్ర ఉన్న జెండా వరండా స్తంభానికి కట్టాడు. గుమ్మానికి మామిడాకుల తోరణం ఉంటే దాని కింద నీలం కాగితాల తోరణం ఇంకోటి వేలాడదీశాడు. చివరికి ఓ నీలం టోపీ హేమచంద్ర నెత్తిన పెట్టాడు. వంశ చిహ్నం తన తలకెక్కినందుకు హేమచంద్ర పొంగిపోయాడు. ఉదయలక్ష్మి గుమ్మంలోకి వచ్చి, "ఇదేం వేషమండీ!" అని నోరు నొక్కుకుంది.

అప్పుడే వీధి మలుపులో ఎర్రటి కారొకటి తిరిగింది. అద్దంలా మెరిసిపోతున్న పాత హోల్డెన్ కమడోర్. ఇంటి దాకా వచ్చి నడివీధిలో ఆగింది. డాక్టరుగారి భార్య కాత్యాయని పళ్ళ బుట్టతో దిగింది. ద్వారకానాథ్ దిగలేదు. జెండా చూశారు, తోరణం చూశారు, హేమచంద్ర నెత్తిమీద టోపీ చూశారు. అద్దం కొద్దిగా దించారు.

"నేను కులం అడిగిన్నా? జాతకం అడిగిన్నా? కట్నం మాట ఎత్తిన్నా?"

"లేదండీ, ఏమైందండీ?"

"నేను ఈ దేశంల దిగిన మొదటి వారం కొన్నది హోల్డెన్. నా కొడుకు పుట్టినప్పుడు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చింది ఇదే కార్ల. కంపెనీ మూసినా నేను విడువలే. అసుంటిది ఫోర్డింటి పిల్లను ఎట్ల తెచ్చుకోవాలె?"

"నన్ను చూడనీకి వచ్చిననాడు గూడ మా నాయినను కారు గురించే అడిగిండు. మీరు పట్టించుకోకుండ్రి వదినా," అంది కాత్యాయని ఉదయలక్ష్మితో.

ఎర్ర కారు చూడగానే గ్యారీ కూడా నడుం మీద చేతులేసుకుని రోడ్డెక్కాడు. ఎవరు ఎన్ని పందేలు గెలిచారు, ఎవరి ఇంజను గొప్ప, ఎవరు ముందు ఫ్యాక్టరీ మూశారు అని మొదలైంది. ఒక ఏడాది ముందు మూసింది మీరని డాక్టరుగారంటే, బ్రాండే లేకుండా పోయింది మీదని గ్యారీ అన్నాడు. గుండె డాక్టరు గుండె మీద చెయ్యి వేసుకుని అరిచారు. ఎదురింటివాళ్ళు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు.

హేమచంద్ర ఇద్దరి మధ్యకీ వెళ్ళి, పొద్దున చదివిన చదువంతా ఉపయోగించి శాంతి చెయ్యబోయాడు. "ఎందుకండీ గొడవ! ఎటుచూసినా రెండూ అమెరికా కంపెనీలేగా?" అని తెలుగులో అని, అదే ముక్క ఇంగ్లీషులోనూ అన్నాడు.

గ్యారీ, డాక్టరుగారు ఇద్దరూ కలిసి ఆయన వైపు చూసిన చూపుకి ఎదురింటివాళ్ళు కూడా కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"కాత్యాయనీ, కారెక్కు," అన్నారు ద్వారకానాథ్.

హేమచంద్రకు నార్మల్‌గా ఉండు చాలు అన్న కూతురి మాట చెవుల్లో మోగింది. టోపీ తీసి చంకలో పెట్టుకుని కారు కిటికీ పట్టుకున్నాడు. "వెళ్ళకండి డాక్టరుగారూ! మా ఇంటి పేరు ఫోర్డ్ కాదు, వేదుల! పెద్దింటివాళ్ళు పక్కనున్నారని గొప్పకి చెప్పుకున్నాను, అంతే. అయినా మీ హోల్డెన్ వాళ్ళ ఆడపడుచునే కదండీ ఈయన చేసుకున్నాడు! వాళ్ళ కాపురం బాగానే ఉంది కదా! కావాలంటే ఆవిడనే అడగండి!"

ద్వారకానాథ్ ముందు తెల్లబోయారు, తర్వాత సంగతి అర్థమై, "ఇంటిపేరు అనుకున్నరా!" అని నుదురు కొట్టుకున్నారు. అయితే ఆఖరి మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. మెల్లగా కారు దిగి, అప్పుడే కేకు పళ్ళెంతో వచ్చి నిలబడ్డ డెబ్బీ దగ్గరికి వెళ్ళి, మీరు నిజంగా హోల్డెన్ వదిలేశారా అని ఇంగ్లీషులో అడిగారు.

డెబ్బీ ఓసారి మొగుడి వైపు చూసింది. పళ్ళెం ఉదయలక్ష్మి చేతికిచ్చింది. "నెవర్ డిడ్, లవ్," అంది.

గ్యారీ నోరు తెరిచాడు. బాథర్స్ట్ పందెం జరిగే ప్రతి ఏడూ తను ఉల్లిపాయలు తరగాలని వంటింట్లోకి పోయి తలుపేసుకునేది రేడియోలో హోల్డెన్ కోసం చప్పట్లు కొట్టడానికేనని డెబ్బీ నింపాదిగా చెప్పింది. కుట్టుమిషను సొరుగులో ఎర్ర టోపీ కూడా ఉందట.

"మరి ఇన్నేళ్ళూ నాతో ఎందుకున్నావు?" అన్నాడు గ్యారీ పీల గొంతుతో.

కార్ల సంగతి పక్కన పెడితే నువ్వు మంచివాడివే కదా అంది డెబ్బీ. గ్యారీ కాసేపు తన కారు వైపు, కాసేపు భార్య వైపు చూసి, చివరికి వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు.

ద్వారకానాథ్ మొహం వెలిగిపోయింది. "చూసిన్రా? మా మనిషి! ఫోర్డింట్ల ఉండుకుంట గూడ మారలే!" అని అందరికీ వినిపించేట్టు అని, చెప్పులు విడిచి గడప ఎక్కుతూ వెనక్కి తిరిగారు. "ఇంక ఎండలెందుకు? లోపలికి పోదాం పాండ్రి, బావగారూ."

హేమచంద్ర ఆ పిలుపు ఎవరినా అని చుట్టూ చూశాడు. ఉదయలక్ష్మి మోచేత్తో పొడిచాక గాని అది తననేనని తెలియలేదు. తెలిశాక కళ్ళు తుడుచుకోవడానికి చంకలోని నీలం టోపీయే అందింది.

బొబ్బట్లు తింటూనే కొత్త తగువు మొదలైంది. పెళ్ళయ్యాక పిల్లలు ఏ కారులో ఊరేగాలి? ఎరుపులోనే అని డాక్టరుగారు, నీలంలోనే అని గ్యారీ. తగువు తేలకముందే సింధుజ, సాకేత్ గేటు తీసుకుని లోపలికొచ్చారు. స్టేషను నుంచి నడిచి వచ్చినట్టున్నారు, ఇద్దరికీ కలిపి చేతిలో సగం తిన్న చిప్సు పొట్లం ఒక్కటే ఉంది.

"నువ్వే చెప్పు బిడ్డా, ఏ కారు నడుపుతవ్?" అన్నారు ద్వారకానాథ్ కొడుకుతో.

"డాడ్, ఐ డోంట్ ఈవెన్ డ్రైవ్. యూ నెవర్ లెట్ మీ టచ్ యువర్ కార్," అన్నాడు సాకేత్.

డాక్టరుగారు బొబ్బట్టు మీద నెయ్యి వేసుకోవడంలో మునిగిపోయారు. సింధుజ వరండాలోని జెండానీ, రెండు తోరణాల్నీ, తండ్రి చేతిలోని టోపీనీ వరుసగా చూసి నిట్టూర్చింది.

"నాన్నా, మాకు ఈ గొడవలేం వద్దు. వియార్ ఎ ట్రెయిన్ ఫ్యామిలీ."

హేమచంద్ర చెయ్యి అలవాటుగా జేబులోని ఫోన్ మీదికి వెళ్ళింది గాని, రైల్వేలు ఎవరివో వెతకకుండానే వెనక్కి వచ్చేసింది.